చేతులు కట్టుకుని మూడు వారాలు: ఇంగ్లండ్‌లో కీళ్ల ఆపరేషన్ల ట్రైనింగ్ మీద నా రివ్యూ

ముందు రేటింగ్ చెప్పేసి తర్వాత కథలోకి వస్తాను. మొత్తం మీద ఐదుకి మూడు. విడివిడిగా ఇవ్వమంటే ఆస్పత్రికి నాలుగున్నర, చివర్లో దానమిచ్చిన శవాల మీద జరిగిన రెండు రోజుల కెడావర్ కోర్సుకి నాలుగు, ఇదంతా కుదిర్చిన ఏజెన్సీకి ఒకటి. ఆ ఒకటి కూడా విమానం టికెట్లో నా ఇంటిపేరు తప్పు లేకుండా కొట్టినందుకు. పేర్లు మాత్రం అడగొద్దు, రాయను. ఈ మధ్య మన ఆర్థోపెడిక్ కుర్రాళ్లు చాలామంది ఫోన్ చేసి "సార్, మీరు వెళ్లొచ్చారు కదా, కడితే డబ్బులు దండగేనా" అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికి అరగంట చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

నేను ఒంగోలులో ఎముకల డాక్టర్ని, పద్నాలుగేళ్లుగా. నా దగ్గరికి వచ్చేదాంట్లో ముప్పాతిక వంతు విరిగిన ఎముకలే. హైవే మీద బైకులు, చీమకుర్తి క్వారీల్లో కాళ్ల మీద రాళ్లు పడ్డవాళ్లు, బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న పెద్దవాళ్లు. మోకాలి కీలు మార్పిడి మొదలుపెట్టి ఆరేళ్లయింది, వారానికి ఒకటి, మంచి వారమైతే రెండు. మా వైపు జనం దీన్ని "చిప్పలు మార్చే ఆపరేషన్" అంటారు. నిజానికి అందులో చిప్పని చాలాసార్లు మార్చం కూడా, తొడ ఎముక చివర, కాలి ఎముక పైన అరిగిపోయిన పొర తీసి లోహం తొడిగి మధ్యలో ప్లాస్టిక్ పెడతాం. ఈ మాట పద్నాలుగేళ్లుగా చెప్తున్నా ఎవరూ వినరు, ఇప్పుడు నేనూ "చిప్పలు" అనే అంటున్నాను.

ఇంకో సంగతి, ఒంగోలైనా నెల్లూరైనా కాస్త డబ్బున్నవాళ్లకి మోకాలు నొప్పంటే గుర్తొచ్చేది చెన్నై రైలే. పొద్దున్నే పినాకిని ఎక్కి మధ్యాహ్నానికి అక్కడ దిగి, స్కానింగులన్నీ చేయించుకుని, సాయంత్రం ఫోన్ చేసి "మీ దగ్గర చేయించుకుందామనే అనుకున్నాం సార్, మా అల్లుడు ఒప్పుకోలేదు" అంటారు. ఆ అల్లుడి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. బోర్డు మీద ఇంగ్లండ్ అని ఒక్క ముక్క ఉంటే అల్లుడు కూడా ఒప్పుకుంటాడేమో అన్న ఆశ లేదంటే అబద్ధం. రెండో కారణం నిజంగా నేర్చుకుందామని. మూడో కారణం కనిగిరి మోకాళ్లు, వాటి సంగతి కింద చెప్తాను, అసలు ఈ రివ్యూ సగం వాటి గురించే.

ఏజెన్సీ వాళ్లు పంపిన కాగితంలో "హ్యాండ్స్ ఆన్ జాయింట్ రీప్లేస్‌మెంట్ ఫెలోషిప్, మూడు వారాలు" అని ఉంది. ఫీజు 2,200 పౌండ్లు. ఫోన్లో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "డాక్టర్ గారూ, ఆపరేషన్లలో మిమ్మల్ని కూడా చేయి వేయనిస్తారు" అంది. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే మాట. 2024 అక్టోబరు, పౌండు నూటతొమ్మిది రూపాయల దగ్గర ఉంది. ఫీజుకి రెండు లక్షల నలభై వేలు, టూరిస్టులకి ఇచ్చే అదే విజిటర్ వీసాకి 115 పౌండ్లు, వేలిముద్రలకి చెన్నై వెళ్లిరావడం, దుబాయ్ మీదుగా మాంచెస్టర్‌కి టికెట్ డెబ్భై ఐదు వేలు, గదికి, తిండికి ఇంకో తొంభై వేలు. మొత్తం నాలుగు లక్షల ఇరవై వేలు తేలింది. మూడు వారాలు ఓపీ మూసేసిన నష్టం ఇందులో కలపలేదు, కలిపితే మా ఆవిడకి తెలిసిపోతుంది.

మొదటి రోజు ఆఫీసులో మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు, దాని మీద "అబ్జర్వర్" అని ఉంది. కార్డుతో పాటు ఒక పేజీ కాగితం, సంతకం పెట్టమని. పేషెంటుని తాకకూడదు, సలహా ఇవ్వకూడదు, కేసు షీటులో రాయకూడదు, శుభ్రం చేసిన గుడ్డలు పరిచిన టేబుల్‌కి ఇంత దూరంలో నిలబడాలి. "నన్ను అసిస్ట్ చేయనిస్తారని చెప్పారే" అని అడిగితే ఆ ఆఫీసు ఆవిడ నా వైపు నిజమైన జాలితో చూసింది. అక్కడి మెడికల్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ లేనివాడు పేషెంటు మీద చేయి వేయడానికి లేదు, ఏ ఆస్పత్రీ వేయనివ్వదు. విజిటర్ వీసా కూడా చూసి పోవడానికే ఇస్తారు. ఈ సంగతి ఏజెన్సీకి తెలియదంటే నేను నమ్మను. వీసా కోసం రాసిన ఉత్తరంలో వాళ్లే "అబ్జర్వర్‌షిప్" అని రాశారు, డబ్బులు అడిగిన కాగితంలో "హ్యాండ్స్ ఆన్" అన్నారు. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదవకపోవడం నా తెలివితక్కువ. మీరు చదవండి.

నాతో పాటు నెల్లూరు నుంచి ఇంకో డాక్టరు వచ్చాడు, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు. రెండో రోజు థియేటర్లో గోడకానుకుని నిలబడి చెవిలో, "అన్నా, ఇంత డబ్బు కట్టింది గోడలు మొయ్యడానికా?" అన్నాడు. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నా నవ్వు అందరికీ కనిపించేది. అప్పటికి ఇద్దరికీ మంటగానే ఉంది. మూడో రోజు నుంచి ఎలాగూ చేతులు ఖాళీ కదా అని కళ్లతో పని మొదలుపెట్టాను. అక్కడి నుంచి ట్రిప్పు బాగుపడింది.

ముందొక మాట సూటిగా చెప్పాలి. చేతి పనిలో వాళ్లు మనకన్నా గొప్పేం కాదు. చెన్నైలో నేను చూసిన ఇద్దరు ముగ్గురి చేతులు ఇంతకన్నా చురుకు, వాళ్లు రోజుకి చేసే మోకాళ్లు ఇంగ్లండ్‌లో రెండు మూడు రోజులకి కూడా కావు. నేను చూసిన కన్సల్టెంటుకి, అంటే అక్కడి సీనియర్ సర్జన్‌కి, ఒక మోకాలికి గంటంబావు పడుతుంది, తొందర లేదు, తడబాటు లేదు. అతని కింద శిక్షణలో ఉన్న అమ్మాయికి దాదాపు రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఆయన ఎదురుగా నిలబడి కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్నాడు, ఒక్కసారి కూడా "ఇటివ్వు" అని కత్తి లాక్కోలేదు. ఆ అమ్మాయి కాలి ఎముక కోత రెండు డిగ్రీలు ఇటు పోతోందని గోడ దగ్గర నిలబడ్డ నాకే కనిపించింది, ఆయనకి కనిపించకుండా ఉంటుందా? "ఆగి ఒకసారి రాడ్ పెట్టి చూడు" అన్నాడంతే. చూసుకుంది, సరిచేసుకుంది. నేను పీజీ చేసిన రోజుల్లో అయితే ఆ పాటికి నా మోచేతి మీద ఏదో ఒక పరికరంతో దెబ్బ పడి ఉండేది. నిజం చెప్పాలంటే నా దగ్గర పనిచేసే కుర్రాడి మోచేతికి కూడా.

అసలు సరుకు కోతకి ముందు, కోత తర్వాత ఉంది. పొద్దున ఏడూ ముప్పావుకి థియేటర్లో అందరూ, మత్తు డాక్టరు, సిస్టర్లు, ఎక్స్‌రే అబ్బాయి, స్ట్రెచర్ తోసే ఆయన, గోడ దగ్గర మేమిద్దరం, గుండ్రంగా నిలబడి పేర్లు చెప్పుకోవాలి. రోజూ చూసుకునే మొహాలే, అయినా రోజూ చెప్పాలి. పేరు పెట్టే పిలుచుకుంటారు, సార్ లేదు, మేడమ్ లేదు. తర్వాత ఆ రోజు లిస్టు చదువుతారు. ఫలానావిడ రక్తం పలచబడే మందు వాడుతోంది, ఫలానాయనకి లేటెక్స్ పడదు, మూడో కేసుకి పెద్ద సైజు కీలు కావాల్సి రావచ్చు, దాని ట్రే వచ్చిందా. డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన 19 అంశాల సర్జరీ చెక్‌లిస్టు మనందరికీ తెలుసు, మా ఆస్పత్రిలోనూ గోడకి అంటించి ఉంది, లామినేషన్ కూడా చేయించాం. అక్కడ దాన్ని నిజంగా చదువుతారు, అదే తేడా.

ఇంప్లాంటు, అంటే లోపల పెట్టే కృత్రిమ కీలు, దాని డబ్బా తెరిచే ముందు ఏం చేస్తారంటే, సిస్టరు దాన్ని ఎత్తి పట్టుకుని పైకి చదువుతుంది: ఎడమా కుడా, సైజెంత, గడువు తేదీ ఎప్పుడు. సర్జన్ తిరిగి అదే చెప్పాలి. ఒకరోజు సిస్టరు డబ్బా చదవబోయి ఆగిపోయింది, ఎడమ మోకాలి ఆపరేషన్‌కి చేతిలో కుడిది ఉంది. ఎవరూ అరవలేదు, ఎవరినీ తిట్టలేదు, వెళ్లి ఎడమది తెచ్చారు, కాగితం మీద రాసుకున్నారు, అంతే. నాకు మాత్రం చెమట పట్టింది. ఎందుకంటే మా దగ్గర ట్రేలు విజయవాడ నుంచో చెన్నై నుంచో బస్సు పార్సిల్లో వస్తాయి, కంపెనీ కుర్రాడు ఆటోలో వేసుకొచ్చి తనే డబ్బాలు అందిస్తాడు, "సైజ్ త్రీ సార్, లెఫ్ట్" అంటాడు, నేను తలెత్తకుండా చేయి చాపుతాను. ఆరేళ్లలో ఆ కుర్రాడు ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. కానీ నేను ఇన్నాళ్లూ ఆధారపడింది ఇరవై నాలుగేళ్ల కుర్రాడి జ్ఞాపకశక్తి మీద అని అక్కడ గోడకానుకుని నిలబడితే గానీ తెలియలేదు. ఒంగోలు రాగానే మార్చిన మొదటి పని ఇదే. ఖర్చు సున్నా.

ఇంకోటి పేషెంట్ల క్లాసు. ఆపరేషన్‌కి రెండు మూడు వారాల ముందు పది పన్నెండు మందిని కూర్చోబెట్టి గంటసేపు చెప్తారు. కర్ర ఎలా పట్టుకోవాలి, మెట్లు ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు, ఇంట్లో కుర్చీ ఎత్తు ఎంతుండాలి, ఎన్నాళ్లు నొప్పి ఉంటుంది. అందువల్ల ఆపరేషన్ చేసిన రోజే సాయంత్రం లేచి నాలుగడుగులు వేయమంటే ఎవరూ బెదిరిపోరు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పోతారు. నేను వచ్చాక శనివారం మధ్యాహ్నాలు ఇలాంటిదే పెట్టాను. పేషెంట్లు ఆరుగురు, వెంట వచ్చినవాళ్లు ఇరవై మంది. చివరికి అందరూ అడిగేది రెండే ప్రశ్నలు: కింద కూర్చోవచ్చా, మామూలు దొడ్డికి పోవచ్చా. ఇంగ్లండ్ క్లాసులో ఈ రెండూ ఎవరూ అడగలేదు, కాబట్టి వాళ్ల స్లయిడ్లలో జవాబూ లేదు. మన జవాబు మనమే తయారు చేసుకోవాలి. ఇక రెండో రోజు ఇంటికి పంపుతానంటే మన చుట్టాలు ఊరుకోరు, "ఏంది సార్, అప్పుడే తోసేస్తున్నారు" అంటారు. ఆ విషయంలో నేను ఓడిపోయాను, నాలుగు రోజులు ఉంచుతున్నాను.

అక్కడివన్నీ మెచ్చుకుంటున్నానని అనుకోకండి. ఓపీలో కూర్చున్నప్పుడు ఒక పెద్దావిడ ఆపరేషన్ కోసం పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తోంది. డాక్టరు రాసిన దగ్గర నుంచి 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలని వాళ్ల రూలు, చాలామందికి అది కుదరడం లేదు. ఆవిడ పైసా కట్టక్కర్లేదు, కానీ పద్నాలుగు నెలలు రాత్రుళ్లు నిద్ర లేదు. మన దగ్గర సోమవారం వస్తే గురువారం ఆపరేషన్, కాకపోతే డబ్బు కట్టాలి. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్ల ధరలకి పరిమితి పెట్టాక మామూలు కోబాల్ట్ క్రోమియం రకం జీఎస్టీ కాకుండా 54,720 రూపాయలకి దిగింది, అంతకుముందు లక్షన్నర దాటి ఉండేది. అది దిగబట్టే నాలాంటివాడు ఒంగోలులో ఈ ఆపరేషన్లు చేయగలుగుతున్నాడు. ఈ లెక్క చెప్తే ఆ కన్సల్టెంటు చాలాసేపు మాట్లాడలేదు, "రేపు నా మోకాలు పోతే మీ ఊరొస్తా" అన్నాడు. మర్యాదకి అన్నాడులెండి.

మేమున్న చోటికి దగ్గర్లోనే రైటింగ్టన్ అనే ఊరి ఆస్పత్రి ఉంది. జాన్ చార్న్లీ అనే సర్జన్ 1962లో పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ గిన్నె, చిన్న స్టీలు బంతితో తుంటి కీలు మార్చడం మొదలుపెట్టింది అక్కడే. బంతి అడ్డకొలత 22.225 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు. పీజీ పరీక్షకి బట్టీపట్టిన అంకె అది, అక్కడికి వెళ్లాక గానీ దాని వెనకున్న మనిషి గురించి ఆలోచించలేదు. పాలిథిలీన్‌కి ముందు ఆయన టెఫ్లాన్ గిన్నెలు పెట్టాడు, దాదాపు మూడు వందల మందికి. రెండు మూడేళ్లలో అవి అరిగిపోయి చుట్టూ ఎముకని తినేశాయి, దాదాపు అన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ అరిగిన పొడి ఒంట్లో ఏం చేస్తుందో చూడటానికి టెఫ్లాన్ పొడిని తన తొడలోకి తనే ఎక్కించుకున్నాడు. ఇన్ఫెక్షన్ తగ్గించడానికి శుభ్రమైన గాలి పైనుంచి ఊదే గది కట్టించాడు, ఏడు శాతం దాటి ఉన్న ఇన్ఫెక్షన్లు క్రమంగా ఒక శాతం దరికి వచ్చాయి. చనిపోయాక మీ కీలు నాకు తిరిగి ఇవ్వండి, ఎంత అరిగిందో కొలుచుకుంటాను అని పేషెంట్లని అడిగేవాడట. పెట్టినదాన్ని చివరిదాకా వెంబడించడం అంటే అదీ.

ఆ అలవాటే తర్వాత దేశం మొత్తానికి పుస్తకం అయింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 నుంచి జాతీయ కీళ్ల రిజిస్ట్రీ నడుస్తోంది, 30 లక్షలకు పైగా ఆపరేషన్లు అందులో ఎక్కాయి. ఎవరికి, ఏ కీలు, ఏ కంపెనీ, ఏ సైజు, ఏ సర్జన్, మళ్లీ తీయాల్సి వచ్చిందా, వస్తే ఎన్నేళ్లకి, అంతా. లోహం మీద లోహం రాసుకునే ఒక రకం తుంటి కీలుని 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు కదా, అది త్వరగా పాడవుతోందని పట్టిచ్చినవి ఇలాంటి రిజిస్ట్రీలే, ఆస్ట్రేలియాది, వీళ్లది. సర్జన్ ఫలితాలు అనుకున్న గీత దాటి చెడ్డగా ఉంటే ఉత్తరం వస్తుంది. థియేటర్ పక్కన కాఫీ గదిలో ఆ కన్సల్టెంటు కంప్యూటర్లో తన లెక్క తెరిచి నాకు చూపించాడు. ఇన్ని చేశాను, ఇన్ని తిరిగొచ్చాయి, ఇదిగో ఇక్కడ 2016లో కాస్త ఎక్కువ, ఎందుకో ఇప్పటికీ తెలియలేదు అన్నాడు. మార్కుల కార్డు చూపించినంత మామూలుగా.

ఇప్పుడు కనిగిరి మోకాళ్లు. బయటివాళ్లకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నాను, కనిగిరి, పామూరు, దర్శి, పొదిలి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క, చాలా ఊళ్లలో దాటేసింది. మన దేశంలో ఈ నీళ్ల వల్ల వచ్చే ఫ్లోరోసిస్ అనే ఎముకల జబ్బు గురించి 1937లో వచ్చిన తొలి వైద్య రిపోర్టు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ నేల గురించే. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో, అంతకుముందు ఈ తాలూకాలన్నీ నెల్లూరు కింద ఉండేవి. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్ల ఎముక ఎక్స్‌రేలో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. నడుము వంగదు, దొడ్డికాళ్లు, మోకాలు సగం కూడా ముడవదు. వెన్నులో నరాల పక్కనుండే పట్టీలు కూడా ఎముకలా గట్టిపడి, మత్తు డాక్టరు స్పైనల్ సూది దింపడానికి మూడు నాలుగుసార్లు గుచ్చాలి. ఇక రంపం పెడితే ఎముక చెక్కలా తెగదు, గ్రానైటులా వేడెక్కుతుంది, బ్లేడు మొద్దుబారుతుంది. అంత గట్టి ఎముకలోకి, కీలుని పట్టి ఉంచే సిమెంటు ఇంకదు, పైపైన అతుక్కుంటుంది. ఐదేళ్లకి ఊడొస్తుందేమోనని నాకు భయం. ఏ పాఠ్యపుస్తకంలోనూ దీనికి ఒక పేజీ మించి దొరకదు.

రెండో వారం ధైర్యం చేసి ఫోన్లో ఉన్న ఎక్స్‌రేలు, పేర్లు చెరిపేసినవి, ఆ కన్సల్టెంటుకి చూపించాను. ఫ్లోరోసిస్ మోకాలు ఆయన జీవితంలో చూడలేదు. తెలిసినట్టు నటించలేదు, అది నాకు నచ్చింది. పక్క గదిలోంచి ఇంకో పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు, ఇద్దరూ పది నిమిషాలు చూశారు. ఎముక అంత గట్టిగా ఉంటే సన్నటి డ్రిల్లుతో చిన్న చిన్న చిల్లులు చాలా వేసి, నీళ్ల పిచికారీతో రక్తం, పొడి అంతా కడిగి, తుడిచి ఆరబెట్టి అప్పుడు సిమెంటు అదమండి అన్నాడు పెద్దాయన. అరిగి గట్టిపడ్డ చోట మేమూ చిల్లులు వేస్తాం, కానీ ఏదో నాలుగైదు, మొక్కుబడిగా. రంపం ఆపి ఆపి వాడండి, చల్లటి సెలైన్ ధారగా పోయిస్తూ ఉండండి, ఎముక కాలిపోతే సిమెంటు కింద అది చచ్చిపోతుంది అన్నాడు. ఈ పది నిమిషాలకి నేను నాలుగు లక్షలు కట్టాననుకున్నా బాధ లేదు.

తర్వాత ఆ పెద్దాయన మామూలుగా అడిగాడు: "ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? ఎన్ని నిలబడ్డాయి?"

నా దగ్గర జవాబు లేదు. నలభై ఉండొచ్చు, యాభై ఉండొచ్చు. ఎన్ని నిలబడ్డాయంటే, తిరిగి రానివాళ్లందరివీ నిలబడ్డాయనే నా లెక్క. నొప్పొచ్చి చెన్నై రైలెక్కి ఉండొచ్చు కదా, ఆ అల్లుడితో. "ఇక్కడ ఎవరి దగ్గరా ఇన్ని లేవు, మీ లెక్కలు ఉంటే మేము చదువుతాం" అన్నాడాయన. పొగిడాడో తిట్టాడో రాత్రి గదిలో చాలాసేపు ఆలోచించాను. గది గురించి రెండు ముక్కలు: హీటరు రాత్రి పదికి ఆగిపోతుంది, అక్టోబరు చివర్లో గడియారం గంట వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదుకే చీకటి. నెల్లూరు తమ్ముడు తెచ్చిన గోంగూర పచ్చడి లేకపోతే మూడో వారం నేను లేను.

కెడావర్ కోర్సు గురించి తొందరగా చెప్తాను. గడ్డకట్టించి భద్రపరిచి మళ్లీ మామూలు చేసిన దానం శరీరాలు, ఒక్కో మోకాలికి నలుగురం. మొత్తం ట్రిప్పులో నా చేతులు పని చేసింది ఈ రెండు రోజులే. మోకాలు మొత్తం కాకుండా లోపలి సగం మాత్రమే మార్చే ఆపరేషన్ చేశాను, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పద్ధతిలో. మన వాళ్లలో అరుగుదల చాలామందికి లోపలి వైపే మొదలవుతుంది కాబట్టి తొందరగా వచ్చిన పేషెంట్లకి పనికొస్తుంది, పొదిలి మోకాళ్లకి మాత్రం కాదు. మొదలుపెట్టే ముందు ఫోన్లు తీసేసుకుని పెట్టెలో పెట్టారు, దానం చేసినవాళ్లకి దండం పెట్టినట్టు ఒక నిమిషం నిలబడ్డాం. ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే ఇలాంటివి చెన్నైలో, కోయంబత్తూరులో కూడా జరుగుతున్నాయి, ఖర్చు ఇందులో పదో వంతు. కేవలం దీనికోసం సముద్రాలు దాటక్కర్లేదు.

చివరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. "ఫెలోషిప్" అని ఉండదు, "హాజరయ్యారు" అని ఉంటుంది. ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఆ మర్యాదస్తురాలే ఎత్తి, ఇంకో 300 పౌండ్లు కడితే వాళ్ల ఏజెన్సీ తరపున "ఫెలో" అని వేరే సర్టిఫికెట్ ఇస్తామంది. నేను ఫోన్ పెట్టేశాను. నెల్లూరు తమ్ముడు ఏం చేశాడో చెప్పను గానీ, ఈ మధ్య ఆ వైపు వెళ్తుంటే ఒక ఫ్లెక్సీ కనిపించింది, నీలం గౌను, వెనక ఇంగ్లండ్ జెండా. మా ఆవిడ కూడా "నాలుగు లక్షలు పెట్టి బోర్డు మీద ఒక్క లైనన్నా రాయించకపోతే ఎట్లా అండీ" అంటోంది. మూడు వారాలు గోడకానుకుని నిలబడినవాడు ఏమని రాయించుకోవాలో మీరే చెప్పండి.

ఎవరు వెళ్లొచ్చంటే, ఇప్పటికే నలభై యాభై కీళ్లు చేసి, తన తప్పులు తనకి కొంచెం తెలిసినవాడు. అతనికి చూసిందల్లా పనికొస్తుంది. పీజీ అయిపోయి నిన్న బయటికొచ్చినవాడికి ఇది ఖరీదైన యాత్ర, ఆ డబ్బుతో మన దగ్గరే పెద్ద చోట ఆర్నెల్లు అసిస్టెంటుగా చేరితే చేతులు వస్తాయి. ఏజెన్సీ అసలు అక్కర్లేదు. ఆస్పత్రుల విద్యా విభాగానికి నేరుగా మెయిల్ రాస్తే జవాబిస్తారు, ఈ సంగతి అక్కడి ఆఫీసు ఆవిడే చెప్పింది, ఆస్పత్రికి వెళ్లే ఫీజు నేను కట్టినదాంట్లో సగం కూడా లేదు. పేషెంట్ల ఎక్స్‌రేలు తీసుకెళ్లండి, పేర్లు చెరిపేసి, చేసినవాటి లెక్క కూడా. నాలాగా నోరు తెరుచుకుని నిలబడొద్దు.

వచ్చాక ట్రంకు రోడ్డులో ఒక పొడుగాటి లెడ్జరు కొన్నాను. పాత కేసు షీట్లు అటక మీద నుంచి దింపించి, సిస్టరూ నేనూ సాయంత్రాలు కూర్చుని ఆరేళ్ల మోకాళ్లన్నీ ఎక్కించాం. ఫ్లోరోసిస్‌వి నలభై మూడు తేలాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. పదకొండు నంబర్లు పనిచేయడం లేదు, ఇద్దరు చనిపోయారు, ఒకాయన నిజంగానే చెన్నైలో మళ్లీ చేయించుకున్నాడు, పాపం చెప్పడానికి మొహమాటపడ్డాడు. అది కూడా లెడ్జర్లో రాశాను. మొన్న పామూరు దగ్గర ఒక పల్లెటూరి పెద్దావిడకి ఫోన్ చేస్తే మనవడు ఎత్తి ఆవిడకి ఇచ్చాడు. కాలెట్లా ఉందమ్మా, నడుస్తున్నావా, నొప్పేమన్నా ఉందా అని వరసగా అడుగుతుంటే అంతా బాగానే ఉందంటూ వచ్చింది, తర్వాత కాసేపు మాట్లాడలేదు.

"ఏంది సారూ, ఇన్నేళ్లకి ఫోన్ చేశారు, మళ్లా డబ్బులేమన్నా కట్టాలా?" అంది.